లేవి కట్టిన జతలు

కాంపౌండరు లేవి మనిషిని మనిషితో పోల్చడు, చచ్చినా పోల్చడు. ఎవరినైనా వాళ్ల పాత రూపంతోనే పోలుస్తాడు. పెళ్లిచూపుల్లో పిల్ల ఎట్లుండాదని పెద్దలు అడిగితే, "ఇంతకుముందు చూడలేదు కదా, ఎట్ల చెప్పేది?" అన్నాడట. ఆ పిల్లే ఇప్పుడు అతని పెళ్లాం జీవమ్మ, ఆలూరు దగ్గర అతను పనిచేసే ఆసుపత్రిలోనే నర్సు. ఆమె చారు ఎట్లుండాదంటే ఈనాటికీ "నిన్నటికన్నా పులుపు తగ్గినాది" అంటాడే తప్ప బాగుందనడు.

పందొమ్మిది వందల యాభై ఆరులో ఆ ఆసుపత్రిలో, రక్తం తక్కువున్న పదిమంది కూలి ఆడవాళ్లకు మూడు నెలలు ఇనుము మందు పోశారు. మందుకు ముందు రక్తం ఎంత శాతమో ఒక చీటీ, తర్వాత ఎంతో ఇంకో చీటీ. ఎవరి రెండు చీటీలను వాళ్లకే కలిపి దారంతో కట్టాడు లేవి.

కర్నూలు నుంచి ఆఫీసరు నాగన్న వచ్చి దారాలన్నీ విప్పేశాడు. ముందువి ఒక కుప్ప, తర్వాతవి ఒక కుప్ప పోశాడు.

"సగటున ఆరు పెరిగినాది. ఆడమనిషికీ ఆడమనిషికీ నలభై తేడా ఉండాది. దాంట్లో ఈ ఆరు యాడ కంటికి ఆనుతుందప్పా? మందు నిలిపేస్తాం."

పక్కన సీసాలు తుడుస్తున్న జీవమ్మ పని ఆపి ఇటు తిరిగింది. చేలో కళ్లు తిరిగి పడే ఆడవాళ్లను ఎత్తుకొచ్చేది ఆమె దగ్గరికే.

లేవి చీటీల మీది పేర్లు చూసి పది జతలూ మళ్లీ కట్టాడు. "ఈరమ్మను నాగమ్మతో ఎందుకు కొలుస్తారు సార్? ఈరమ్మకు ఈరమ్మే జత. ఇప్పుడు చూడండి, తొమ్మిదిమందికి పెరిగినాది, ఒకామెకు తగ్గినాది."

"ఐతే ఆ తేడాలకు సగటు తీద్దాం."

"వద్దు సార్. ఒకామెకు ఏకంగా ముప్పై పెరిగినాది, సగటును ఆమె ఒక్కతే లాగేస్తాది. పెరిగినాదా, తగ్గినాదా, అంతే లెక్కపెట్టండి. మందులో పసే లేకుంటే ఇది బొమ్మాబొరుసు ఆటే. పదిసార్లు ఎగరేస్తే తొమ్మిదో పదో బొమ్మలు పడేది నూటికి ఒకసారి."

నాగన్న కాగితం మీద లెక్క వేసుకుని తలాడించాడు. "నిజమే, మందు పనిచేస్తాండాది. ఆ తగ్గిన జత తీసేయప్పా, రిపోర్టు శుభ్రంగా ఉంటాది."

"తీయను సార్."

"మందు వస్తాంటే ఒక్క జతకు మొండితనమా?"

జీవమ్మ వెనకనుంచి మొగుణ్ణి గిల్లింది. లేవి కదల్లేదు.

"ఆమె గిడ్డమ్మ సార్. తన మందు కూతురికి పోస్తాండాది."

"నీకెట్ల తెలుసు?"

లేవి జేబులోంచి ఇంకో జత తీశాడు. కూతురి రక్తం నలభై రెండునుంచి యాభై నాలుగుకు పెరిగింది. ఈ మూడు నెలలూ మొగుడు సాయంత్రాలు గిడ్డమ్మ వీధికి ఎందుకు పోతున్నాడో జీవమ్మకు అప్పుడు అర్థమైంది.

"ఐతే దీన్నీ కలిపేయ్, పదకొండుకు పది అవుతాది."

"ఆ పిల్ల మనం మొదలుపెట్టిన పదిమందిలో లేదు సార్, లెక్కలో కలపకూడదు. మందులో మాత్రం కలపండి."

నాగన్న మందు తెప్పించే కాగితం తీసి, పది సీసాలన్నది కొట్టేసి పదకొండని రాశాడు. జీవమ్మకు మొగుడి మీద ప్రేమ ముంచుకొచ్చింది. ఆఫీసరు ఎదురుగా ఉన్నాడు గనక ఊరుకుంది.