ఉల్లి మొవ్వులోని పురుగును ప్రభువు చూపించిన విధము

సహోదరులారా, సహోదరీలారా, వరుసగా రెండేండ్లు నా ఉల్లిచేను నా కళ్ళ ఎదుటే తెల్లబడి చచ్చిపోయింది, రెండవ ఏడు దానితోపాటు నేనూ చావు గడప దాకా పోయి వచ్చాను! ఈ కోతల పండుగనాడు బల్లమీద జడలల్లి పెట్టిన ఎర్రగడ్డలను చూసి మీరు సంతోషిస్తున్నారు, నేనూ సంతోషిస్తున్నాను, దాచడమెందుకు, గర్విస్తున్నాను కూడా. అయితే ఈ గర్వం నాలోని ఏ గర్వాన్ని చంపి పుట్టిందో చెప్పకుండా కూర్చుంటే దేవునికి చెందిన మహిమను నేను దొంగిలించినవాణ్ణవుతాను.

మీలో సగం మందికి అక్షరాలు దిద్దించినవాణ్ణి నేనే. పామిడి చుట్టుపట్ల ఏ సభ జరిగినా పద్యం చదవడానికి నన్నే పిలిచేవారు, కావ్యాలు కంఠస్థం, వ్యాకరణం కరతలామలకం, ప్రార్థన చేస్తే ఆ ప్రార్థనలో ఒక్క సంధి తప్పేది కాదు, ఆ సంగతి వినేవాళ్ళకంటే ముందు నాకే బాగా తెలిసేది! మాకున్నది పెన్న ఒడ్డుకు కొంచెం ఎగువన ఎకరన్నర చేను, అందులో ఒక బావి. ఆ బావి కూలివాళ్ళు తవ్వింది కాదు. మూడు వేసవి సెలవులు నేను గడ్డపార పట్టాను, నా భార్య దీనమ్మ గంపలతో మన్ను, రాళ్ళు తలమీద మోసి గట్టున పోసింది, నాలుగవ వేసవిలో రాతి సందునుండి నీరు చిమ్మినప్పుడు మేమిద్దరం బురదలో నిలబడి ఏడ్చాము. బడి నుండి విరమించిన తరువాత ఆ నీటి కింద ఉల్లి పెట్టాలని నిశ్చయించాను. అవి డెబ్బయ్యో దశకపు చివరి ఏండ్లు, వాన ముఖం చాటేసిన కాలం.

మొదటి ఏడు నారు నాటిన నెలన్నరకు ఆకులమీద వెండి గీతల వంటి తెల్లని చారలు కనబడ్డాయి, కొనలు ఎండి మెలికలు తిరిగాయి. సహోదరులారా, మన సీమలో పుట్టినవాడికి ఆకు తెల్లబడితే మొదట తోచేదేమిటి? దాహం! మనకు అన్ని రోగాలూ నీళ్ళు లేని రోగాలే. నేనూ అలాగే అనుకుని, ఎద్దులతో పొద్దు పొడిచినది మొదలు పొద్దు గుంకేదాకా తోలుబాన కట్టిన కపిల తోలి, బావిలో నీళ్ళు అడుగంటేదాకా మడులకు పారించాను. వేరు తడిసింది, నేల చల్లబడింది, ఆకు మాత్రం మరింత తెల్లబడింది! గడ్డలు గోలీలంత అయి ఆగిపోయాయి. పక్క చేని ఓబులేసు, గొర్రెలు కాచుకుని బ్రతికేవాడు, మన సంఘపువాడు కాడు గాని మంచివాడు, గట్టున నిలబడి, "ఏమప్పా అయ్యోరా, పద్యాలు ఇని ఎర్రగడ్డలకు తల నెరిసిపాయనా ఏమి?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

రెండవ ఏడు అవే చారలు కనబడగానే, ఇది దాహం కాదు, ఏదో తెగులనుకుని పురుగుమందు తెచ్చాను. సీసామీద రాసినదాన్ని చదవగలిగిన ఏకైక రైతును ఆ ఊళ్ళో నేనే, చదివి కూడా పాటించని ఏకైక మూర్ఖుణ్ణి కూడా నేనే! చల్లిన మందు ఉల్లాకుమీద నిలవలేదు, చేమాకుమీద నీళ్ళలాగా గుండ్రంగా పొర్లి నేల రాలింది. నిలవలేదు గనుక ఎక్కువ కలిపాను, అయినా నిలవలేదు గనుక మరీ ఎక్కువ కలిపాను. కర్ర దొరకక చేత్తోనే తిప్పాను, ఎదురుగాలిలో చల్లాను. దీనమ్మ వద్దని మొత్తుకుంటే, "వ్యవసాయం కూడా నువ్వు నాకు నేర్పుతావా?" అన్నాను. ఈ మాట ఆమె వింటుండగా మీ అందరి ఎదుట మళ్ళీ చెప్పడం నాకు తగిన శిక్షే.

మందు చల్లడం మొదలుపెట్టిన నాలుగవ నాటి సాయంకాలం మడి గట్టుమీద పడిపోయాను. నోటి నుండి నురగ, వాంతులు, చేతులు గడగడ వణుకు, కళ్ళకు లోకమంతా పొగ! ఓబులేసు తన భుజాన వేసుకుని రోడ్డుకు మోసుకుపోయి, వచ్చిన లారీ ఎక్కించి, అనంతపురం ఆసుపత్రికి చేర్చాడు. పది దినాలు అక్కడ పడి ఉన్నాను, దేవుడు నన్ను చనిపోనివ్వలేదు, దేవునికే మహిమ! కాని పంట పోయింది, చూపు మసకబారింది, సన్నని అక్షరాలు చీమల బారులాగా కదిలిపోయేవి. వాక్యం చదువుకోవడానికి ఒక భూతద్దం కొనుక్కుని చొక్కా జేబులో పెట్టుకోవలసి వచ్చింది. ఎన్ని గ్రంథాలు చదివిన కళ్ళు, చివరకు గాజుబిళ్ళ కింద ఒక్కొక్క అక్షరం ఏరుకుంటున్నాయే అని కుమిలిపోయాను. ఆ అద్దాన్ని గుర్తుపెట్టుకోండి, సహోదరులారా, దాని దగ్గరికే నేను రావలసి ఉంది.

మూడవ ఏడు నాటేముందు నేను ఒక మాట అన్నాను. ప్రార్థన అనుకున్నాను, నిజానికి అది దేవునితో పెట్టిన పంతం. ఈ పంట కూడా పోతే బావి పూడ్చివేస్తాను, చేను ఓబులేసు గొర్రెలమందకు వదిలివేస్తాను, మళ్ళీ మన్ను ముట్టను! ఓబులేసు ఎదుటే అన్నాను గనుక అతడు మరువలేదు. దీనమ్మ మాత్రం ఆ దినమంతా అన్నం ముట్టలేదు. ఆమె తలమీద ఇప్పటికీ గంప మోసిన చోట వెంట్రుక పలచనే, ఆ బావిని నేను పూడుస్తానన్నాను!

నెలన్నర గడిచింది. ఒక ఉదయాన చేనికి పోతే వెండి గీతలు. ఓబులేసు గట్టుమీద చేతికర్రకు ఆనుకుని, "ఏమప్పా అయ్యోరా, గొర్రెలు తోలుకోని రమ్మంటావా? ఈ పొద్దే అయితే నాకు మేలు, అడవిలో గడ్డిపోచ ల్యాదు" అన్నాడు. ఎగతాళి కొంత, నిజం కొంత. మూడు ఆదివారాలు ఆగమన్నాను. అతడు పోయిన తరువాత రెండు సాళ్ళ నడుమ మోకాళ్ళమీద పడ్డాను. ఎప్పటిలాగే గంభీరమైన సంబోధనతో మొదలుపెట్టబోయాను, నాలుక కదలలేదు, ఒక్క సమాసమైనా నోటికి రాలేదు! చిట్టచివరకు నా నోట వచ్చిన ప్రార్థన ఇది: "ప్రభువా, నాకు తెలియదు. ఈ చేను ఎందుకు చచ్చిపోవుచున్నదో నాకు తెలియదు. నాకు తెలియదని ఇంతవరకు ఎవరితోను చెప్పలేదు, నీతో చెప్పుచున్నాను. నాకు చూపుము." అంతే. ఇంత చిన్న ప్రార్థన నా జీవితంలో చేయలేదు.

నుదురు నేలకు ఆనించి ఉండగా జేబులోని భూతద్దం జారి ఉల్లి మొక్క మొదట పడింది. తీసుకోబోయి, అలా వంగి ఉన్నవాణ్ణి అలాగే, ఆకుల నడిమి మొవ్వును రెండు వేళ్ళతో విప్పి అద్దం పెట్టి చూశాను. హల్లెలూయా! ఆ ఇరుకు సందులో, నువ్వుగింజలో సగమైనా లేని లేత పసుపు పురుగులు, పదులకొద్దీ! వెలుతురు తగలగానే పక్కకు జరిగి మరింత లోపలికి దూరిపోతున్నాయి. ఆకుపొరను గీకి, ఊరిన రసం పీలుస్తున్నాయి, ఆ గీకుడే మనకు వెండి గీతగా కనబడుతున్నది. మన ఊళ్ళవాళ్ళు మిరపతోటల్లో పేనుబంక పక్కన చూసి ఎరిగినవే, తామర పురుగులు. నిలబడి చూసినవాడికి ఎన్నటికీ కనబడవు! రెండేండ్లు నేను నీళ్ళు పాదాలకు పోశాను, శత్రువు మెడలో కూర్చున్నాడు. మందు ఆకు వెలుపల చల్లాను, శత్రువు ఆకు లోపల నవ్వుకున్నాడు. ఇక్కడ ఒక్క సంగతి ఆలోచించండి: ఆ విషం నా చూపును చెరపకపోతే ఆ అద్దం నా జేబులో ఉండేది కాదు! నా శిక్ష అనుకున్నదాన్నే ప్రభువు నా దీపంగా చేశాడు.

పరుగున ఇంటికి పోయి దీనమ్మను పిలుచుకొచ్చి చూపించాను. ఆమె అద్దం కళ్ళకానించి చాలాసేపు చూసింది. తరువాత ఆకుమీద నీటిచుక్క వేసింది, అది దొర్లిపోయింది. అప్పుడామె అన్న మాట ఏ శాస్త్రంలోనూ నేను చదవలేదు. "ఇదేమి ఇంతలా ఆలోచన చేస్తాండావయ్యా? ఆకుకు నూనె జిడ్డు మాదిరి మైనం ఉండాది సూడు. నూనె పెట్టుకున్న తలకు వట్టి నీళ్ళు పోసుకుంటే నిలుస్తాయా? కుంకుడుకాయ ఎయ్యల్ల!"

సహోదరులారా, నాకు తెలియదని దేవునితో చెప్పిన గంటకే, నా ఇంట్లోనే ఉన్న జవాబు నోరు విప్పింది! ఇన్నాళ్ళు ఆమెను మాట్లాడనిచ్చింది ఎవరు?

ఆ సాయంకాలమే వేపగింజలు దంచి, గుడ్డలో మూటకట్టి నీళ్ళలో నానవేశాము. మరునాడు మూటను పిండి వడకట్టి, కుంకుడు రసం నురగ వచ్చేదాకా కలిపి, ఎండ చల్లబడిన తరువాత మొవ్వులోకి దిగేటట్లు మొక్క మొక్కకూ చల్లాము. ఈసారి నీరు జారలేదు, ఆకును పట్టుకుని, మెల్లగా సందులోకి పాకింది! అంతటితో ఆగలేదు. అరకొరగానైనా చినుకులు పడిన తరువాత లేచిన ఆకుకు గీతలు తక్కువని దీనమ్మ ఎన్నడో గమనించిందట; ఎన్నడు గమనించావంటే, "నువ్వు పద్యం చదువుకుంటాంటే నేను కలుపు తీస్తాంటి గదా, అప్పుడు" అంది. కాబట్టి దినం విడిచి దినం కడవలతో నీళ్ళు మోసి, ఈత మట్టల చీపురుతో పైనుండి వాన చినుకుల్లాగా విదిలించాము. గుడ్లు ఆకు కండలోపలే ఉంటాయి, పిల్లలు ఎదిగి రెక్కలు రాకముందు మట్టిలో దిగి నిద్రిస్తాయి, కనుక ఒక్కసారి చల్లి చేతులు దులుపుకుంటే చాలదని వ్యవసాయ శాఖవారి కరపత్రంలో భూతద్దంతో చదివి తెలుసుకున్నాను. వారానికొకమారు మళ్ళీ చల్లాము. రాలిన ఆకును, పీకివేసిన మొక్కను చేనిలో ఉంచక గట్టు దాటించి కాల్చివేశాము. ప్రతి ఉదయం పరీక్షపత్రాలు దిద్దినట్లు మడికి పది మొక్కల మొవ్వులు విప్పి పురుగులను లెక్కపెట్టి పలకమీద రాసుకున్నాను. విషం మానేసిన తరువాత సాలెపురుగులు, అక్షింతల పురుగులు తిరిగివచ్చి మాకు కూలి అడగని పనివాళ్ళయ్యాయి!

వాన మాత్రం రాలేదు. ప్రభువు వాన పంపి ఉంటే పురుగు కొట్టుకుపోయేది, నేను ఏమీ నేర్చుకోకుండా ఆకాశాన్ని పొగుడుతూ పద్యం చెప్పేవాణ్ణి. ఆయన నన్నంతకంటే ఎక్కువ ప్రేమించాడు.

అన్న మూడవ ఆదివారం రానే వచ్చింది. ఓబులేసు నిజంగానే మందను తోలుకుని గట్టు దాకా వచ్చాడు. "ఏమప్పా, మాట మాటే గదా?" అన్నాడు. దీనమ్మ అడ్డం నిలబడి, "మాట అన్నది ఆయప్ప, బావి మన్ను మోసింది నేను. గొర్రెలు అడుగు పెడితే కాళ్ళు ఇరుగుతాయి, నీవో గొర్రెలవో సూసుకో" అంది! నేను అతణ్ణి చేయి పట్టి సాలులోకి దింపి, మోకాళ్ళమీద కూర్చోబెట్టి, అద్దం ఇచ్చాను. పాత ఆకులు తెల్లగానే ఉన్నాయి. తెల్లబడిన ఆకు మళ్ళీ పచ్చబడదు, నేను దాన్ని ఆశించనూ లేదు. కాని నడుమ నుండి లేచిన కొత్త ఆకు, ఒక్క గీత లేకుండా, సూదిలాగా నిటారుగా, పచ్చగా! అతడు మొవ్వు వెంట మొవ్వు విప్పి చూసి, చివరకు తలెత్తి, "యాడ పోయినాయప్పా ఇవన్నీ?" అన్నాడు. ఆ సాయంకాలం గొర్రెలు వచ్చిన దారినే తిరిగిపోయాయి.

కోత నాడు గడ్డ పిడికిట నిండింది. ఓబులేసు రాగిసంగటిలోకి పచ్చిగడ్డ ఒకటి కొరికి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "నీ పద్యం కంటే ఇదే ఘాటు అయ్యోరా" అన్నాడు. నా జీవితంలో నాకు దొరికిన పొగడ్తల్లో దాన్ని మించినది లేదు! ఈ ఏడు అతడి చేనిలోనూ ఉల్లి ఉంది, అతడి ఇంటి ముంగిట వేపగింజలు ఆరుతున్నాయి. ఈ పూట ఇదిగో, వెనుక చాపమీద కూర్చుని వింటున్నాడు. తాను నన్ను లారీ దాకా మోసింది చెప్పానా లేదా అని కనిపెడుతున్నాడు, చెప్పాను, ఓబులేసూ!

సహోదరులారా, గర్వపడవద్దని మీతో చెప్పడానికి నేను నిలబడలేదు. నా బావిని చూసి గర్వపడతాను, నా దీనమ్మను చూసి గర్వపడతాను, తెలియదన్న ముసలివాడికి నేర్పడానికి సిగ్గుపడని నా దేవుణ్ణి చూసి మరీ మరీ గర్వపడతాను! ఆ రెండేండ్లు నాలో పాకిన పురుగు కూడా మొవ్వులోనే కూర్చుంది, వెలుపల నా ప్రార్థనలు నిగనిగలాడుతూనే ఉన్నాయి, ఎవరి మాటా నామీద నిలవలేదు. నాకు తెలియదు అన్న ఒక్క మాట కుంకుడు రసంలాగా నాలోకి దిగింది. ఈనాడు మీలో ఎవరి చేను తెల్లబడుతున్నదో, ఎవరి ఇల్లు, ఎవరి ఒళ్ళు తెల్లబడుతున్నదో నేనెరుగను. పాదాలకు నీళ్ళు పోస్తూనే అలసిపోకండి. ఒక్కసారి ఆయనను అడగండి, ఆయన చూపిస్తాడు, చూపించేదాకా మిమ్మును విడువడు.

ఆరాధన ముగిసిన తరువాత రండి, అందరినీ మా చేనికి తీసుకుపోతాను. రెండవ పైరు మొలకెత్తి జానెడయింది. భూతద్దం జేబులోనే ఉంది. కుంకుడుకాయ పాళ్ళు మాత్రం నన్నడగకండి, దీనమ్మను అడగండి. చేనిలో నేర్పేది ఆమె, నేను విద్యార్థిని. చూడవలసినవారు చెప్పులు గట్టుమీద విడిచి సాలులోకి దిగి మోకాళ్ళూనండి. నిలబడి ఉంటే మాత్రం ఏమీ కనబడదు.