పుల్లమ్మ పెద్దమ్మ మూయనివ్వని నెర్రెలు

ఖమ్మంలో మేముంటున్న వీధిలో ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారు. నిన్న పొద్దున రాయి కోసే మిషను మొదలుపెట్టగానే తడిసిన రాతిపొడి వాసన ఊదుబత్తి పొగను తోసుకుని మా పూజగదిలోకి వచ్చింది. చదువుతున్న స్తోత్రం మధ్యలో ఆగిపోయాను. ఆ వాసన తగిలితే చాలు, నాకు పుల్లమ్మ పెద్దమ్మ వాకిలి కళ్ళముందు నిలబడుతుంది.

ములకలపల్లి అవతల, అడవి అంచున మా ఊరు. పెద్దమ్మ మాకు చుట్టం కాదు, పక్కింటావిడ. భర్త పోయాక ఒక్కతే ఉండేది. బడి వాగు అవతల ఉండడంతో నాకు నాన్నే ఇంట్లో చదువు చెప్పేవాడు. పాఠం అయిపోగానే నేను పెద్దమ్మ వాకిట్లో తేలేదాన్ని. రెండువేల అయిదు ప్రాంతంలో ఊరి పక్క గుట్టమీద గ్రానైటు క్వారీ తెరిచారు. మధ్యాహ్నంపూట విజిల్ ఊది మందు పేల్చేవారు. గూట్లో గిన్నెలు గలగలమనేవి. కొన్నాళ్ళకు అందరి గోడలూ నెర్రెలిచ్చాయి. పెద్దమ్మ వాకిట్లో ఆమె భర్త తన చేతులతో పరిచిన బండలు అడ్డంగా పగిలాయి. ఊరంతా తిట్టుకుంది. పెద్దమ్మ అందరికంటే గట్టిగానే తిట్టింది. తిట్టి, ఆ పగుళ్ళలో మొక్కలు పెట్టడానికి కూర్చుంది.

ఇటుక పొడి, వాగు ఇసుక, చిటికెడు మట్టి కలిపి తడిపేది. ఇసుక రేణువంత ఉండే గడ్డిగులాబీ గింజల్ని అందులో కలిపి, చీపురు పుల్లతో నెర్రెలోకి కూరేది. కాస్త వెడల్పైన చోట రణపాల ఆకు దోపేది. త్వరగా పెరగాలని నేను పేడ తెస్తే వద్దంది. "కడుపు నిండ పెడితే కుళ్ళిపోతయ్ బిడ్డా. రాతిల బతికేదానికి జర ఆకలి ఉండాలె" అంది. ఎండలు ముదిరేసరికి పగుళ్ళ వెంట ఎరుపు, పసుపు గీతలు గీసినట్టు పూలు వచ్చాయి. దేవుడికి నాలుగు కోస్తానంటే ఒప్పుకోలేదు. దేవుడు చూడాలనుకుంటే వాకిట్లోకి వచ్చి చూస్తాడట. అంత మాట అనొచ్చా అని నాకు భయం వేసింది. ఆవిడ మాత్రం పొద్దున్నే పగిలిన ఆ బండల దగ్గరే తూర్పుకు తిరిగి దణ్ణం పెట్టుకునేది.

పగుళ్ళ సంగతి తేల్చడానికి గనుల శాఖ ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడని తెలియగానే క్వారీ మేనేజరు మేస్త్రీలను, సిమెంటు బస్తాలను ఊళ్ళోకి పంపాడు. ఊరి మీద ప్రేమతో పగుళ్ళన్నీ ఉచితంగా పూయిస్తున్నామన్నాడు. చాలా ఇళ్ళలోంచి ఎవరో ఒకరు క్వారీ పనికి పోతున్నారు, కాదనడం కష్టం. మా నాన్న కూడా తలూపాడు. మా గోడ ఒక్కరోజులో నున్నగా అయింది. పెద్దమ్మ మేస్త్రీకి చల్ల ఇచ్చి, తాపీ మాత్రం గడప దాటనివ్వలేదు. తన వాకిలి కూడా మూసేస్తే పేలుళ్ళ సంగతి ఆఫీసరుకు చూపించడానికి ఊళ్ళో ఇక ఏమీ మిగలదని ఆమెకు తెలుసు.

ఆఫీసరు వచ్చాడు. మేనేజరు ఆయన్ని నేరుగా పెద్దమ్మ వాకిట్లోకే తెచ్చాడు.

"చూడండి సార్, పగుళ్ళ నిండా మొక్కలే. వేళ్ళు దిగి బండలు పగిలాయి. మా బ్లాస్టింగుకూ దీనికీ సంబంధం లేదు."

వీధంతా అక్కడే ఉంది. ఒక్కరూ నోరు విప్పలేదు. ఆమె పూలే ఆమె మీద సాక్ష్యం చెబుతున్నట్టయింది. పెద్దమ్మ నేలమీద కూర్చుని, అన్నిటికంటే గుబురుగా ఉన్న మొక్కను పట్టి వేళ్ళతో సహా పీకింది. మట్టి దులిపి అరచేతిలో పెట్టి ఆఫీసరు ముందుకు చాపింది.

"సారూ, దీని ఏరు నా తలెంటికంత లేదు. బండ పలగ్గొట్టే బలం దీనికుంటే ఈయన గంత మందు ఎందుకు కొంటుండు? నా పూలే తీస్కపోయి గుట్టమీద నాటుకొమ్మనుండ్రి."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే రెండో నెర్రెకు జరిగింది. పీకమని ఎవరూ అడగలేదు. కళ్ళల్లో పెట్టుకుని పెంచిన మొక్కలన్నిటినీ ఒక్కొక్కటే పీకి పక్కన పరుస్తూ పోయింది. పూలు పోయిన చోట పగుళ్ళు నల్లగా నోళ్ళు తెరిచాయి. ఆఫీసరు గొంతుక్కూర్చుని వేలు పెడితే రెండో కణుపు దాకా దిగింది. అప్పుడు మా నాన్న ఇంట్లోకి వెళ్ళి గడ్డపార తెచ్చి, మా గోడమీది కొత్త సిమెంటును పెచ్చులు పెచ్చులుగా ఊడగొట్టాడు. ఆ తర్వాత ఎదురింటి వాళ్ళూ మొదలుపెట్టారు.

క్వారీ మూతపడలేదు. ఊరి వైపు అంచున పేల్చడం మాత్రం మానేశారు. ఆ సాయంత్రం పీకిన మొక్కల్ని పెద్దమ్మా నేనూ కలిసి మళ్ళీ నాటాం. కొన్ని బతికాయి, ఎక్కువ చచ్చిపోయాయి. "పోతె పోనీ, అవి చేసే పని చేసినయ్" అంది. చేతులు మాత్రం చాలాసేపు వాటి దగ్గర్నుంచి తీయలేదు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. చిన్నప్పుడు దేవుడి ముందు నిలబడితే ఓర్చుకునే శక్తినివ్వమని అడిగేదాన్ని. ఆ రోజు తర్వాత ఆ కోరిక నా నోట రాలేదు. ఇచ్చిన వాటన్నిటికీ ఒక దణ్ణం, ఆవిణ్ణి నా పక్కింట్లో ఉంచినందుకు విడిగా ఇంకొకటి పెట్టుకుంటాను. ఎవరైనా నా ఎదుట జరిగినదాన్ని జరగలేదని చెప్పబోతే, నలుగురిలోనే కాదంటాను. అనేటప్పుడు ఇప్పటికీ భయం వేస్తుంది. భయపడుతూనే అంటాను.