సుమన అరచేతి కితకితలు

గద్వాల మగ్గాల వీధిలో పుట్టిన సుమనకు అరచేతుల్లో కితకితలు. గాజులామె చెయ్యి పట్టుకోబోతే చాలు, వానపాములా మెలికలు తిరిగేది. అలాంటి పిల్లకు వనపర్తిలో, ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లకు అండగా నిలిచే కేంద్రంలో కొలువు దొరికింది. అక్కడ ఆమెకు సైగల భాష నేర్పింది కౌసల్యమ్మ. కౌసల్యమ్మకు వినపడదు. మొగుడి దెబ్బలకు తాళలేక ఒకప్పుడు తానూ ఇదే గడప తొక్కింది.

ఒకనాడు అమరచింత నుంచి రంగమ్మ వచ్చింది. పుట్టుకతో వినపడదు, పెద్దయ్యాక చూపూ పోయింది. ఎదుటివాళ్లు సైగ చేస్తుంటే ఆ చేతులను తడిమి తెలుసుకుంటుంది.

"నువ్వే అడుగు. నేను లేనినాడు ఏం జేస్తవ్?" అని కౌసల్యమ్మ సైగ చేసింది.

సుమన చేతులు చాచింది. "పెద్దమ్మా, నిన్ను కొట్టిందెవరు?" అని సగం అడిగిందో లేదో, రంగమ్మ వేళ్లు అరచేతిలో పాకాయి. సుమనకు నవ్వు ఆగలేదు. అడుగుతున్నదేమో కన్నీళ్ల మాట, వస్తున్నదేమో పకపకా నవ్వు! సిగ్గుతో చచ్చిపోయింది. ఒళ్లంతా వణికిపోతోంది.

ఆ వణుకు రంగమ్మకు అందింది. గబుక్కున సుమనను గుండెకు హత్తుకుని, వీపు నిమురుతూ, ఒక చేత్తో గాలిలో సైగ చేసింది. "పాపం, గీ పిల్లకు ఎవరో మస్తు కష్టం పెట్టిండ్రు. ముందుగాల ఈమె గోస సూడుండ్రి. నేను ఆగుత."

కౌసల్యమ్మ కడుపు పట్టుకుని నవ్వి, రంగమ్మ చేతుల్లో అసలు సంగతి చెప్పింది. రంగమ్మ నమ్మలేదు. చూద్దామని సుమన అరచేతిలో వేలితో గీసింది. సుమన ఎగిరి బల్ల మీద పడింది. చాయ్ గ్లాసులు భళ్లుమన్నాయి. కాపలా కిష్టయ్య కర్రతో ఉరికొచ్చాడు.

"ఎవడమ్మా వచ్చింది? ఏడున్నడు?"

"ఎవరూ రాలే తాతా, కితకితలే!"

రంగమ్మ గది దద్దరిల్లేలా నవ్వింది. తరువాత సుమన చేతులను గట్టిగా అదిమి పట్టుకుంది. గట్టిగా పడితే కితకితలు పుట్టవు. మళ్లీ అడగమంది. మరిది గదిలో పెట్టి తాళం వేసేవాడని, అన్నం అడిగితే కొట్టేవాడని మెల్లగా అంతా చెప్పింది. సుమన ఈసారి నవ్వలేదు.

మరిది మీద కేసు నడుస్తోంది. రంగమ్మ తన ఇష్టం మీదే వడ్డేపల్లిలో అక్క కూతురి ఇంట ఉంటోంది. మొన్న సుమన చూడడానికి పోతే, మొహమంతా తడిమి, "బక్కగైనవ్, తింటలేవా?" అని కోప్పడింది. వద్దు వద్దంటున్నా మూడో జొన్నరొట్టె కూడా తినిపించి గానీ బస్సు ఎక్కనివ్వలేదు.