పాకం చప్పుడు

దుమ్ము పట్టిన కంప్యూటరు గంటలకొద్దీ ఆగకుండా పనిచేస్తే వేడెక్కిన ప్లాస్టిక్ వాసనొకటి వస్తుంది. మొన్న చోడవరంలో మా తమ్ముడి ఇంటికి వెళ్తే హాలంతా అదే వాసన. నలభై దాటిన మనిషి టీవీ కింద వీడియో గేముల పెట్టె ఒకటి పెట్టుకున్నాడు. సినిమా అయినా, పెళ్లి వీడియో అయినా అందులోంచే చూడాలంటాడు. దానికేమో అన్ని రకాల వీడియోలూ పడవు. మా బెల్లం గానుగ ఆఖరిసారి ఆడిన ఏడు వాడు మంచి కెమెరాతో తీసిన హెచ్‌డీ వీడియోని పెడితే, ఈ ఫైలు ఆడదు పొమ్మంది. అందుకని పొద్దుటినుంచి కంప్యూటర్లో దాన్ని ఆ పెట్టెకి పడేలా మారుస్తున్నాడు. అమ్మా నాన్నా పోయాక ఆ వీడియోని నేను ఒకే ఒక్కసారి, కెమెరా చిన్న తెర మీద, విన్నాను. చూశాను అనడం లేదు, విన్నాననే అంటున్నాను. ఎందుకో తెలియాలంటే గానుగ పాక దగ్గరికి రావాలి.

మా చెరకు తోట బుచ్చయ్యపేట వెళ్లే దారిలో ఉండేది. మాఘమాసపు చలిలో, మంచు ఇంకా ఆకుల మీంచి కారుతుండగానే ఇంజను డబడబలాడేది, చెరకు గెడలు ఇనప రోలర్ల మధ్య పటపటమని విరిగేవి, పచ్చి రసం మీద ఆకుపచ్చ నురగ తేలేది, ఆ నురగకి కందిరీగలూ మేమూ ఒకేసారి ముసిరేవాళ్లం. ఎండబెట్టిన చెరకు పిప్పి కొండలా పోస్తే దాని మీదనుంచి జారుడుబండ ఆడి, వీపంతా గీరుకుపోయి, ఆ గీతల్లోకి చెమట దిగి మండుతుంటే ఏడుస్తూనే మళ్లీ ఎక్కేవాళ్లం. మా నాయనమ్మ చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ ఓ మూల కూర్చుని, కాలుతున్న పాకంలో కొబ్బరి ముక్క ముంచి, అరిటాకు మీద వేసి ఇచ్చేది. ముందు మగపిల్లలకి. ఆ వరస నాకు ఇప్పటికీ గుర్తుంది, కొబ్బరి రుచి కంటే గట్టిగా.

పొయ్యి మీద మంచమంత పెనం. పైన నాన్న నిలబడి, పొడుగాటి తెడ్డుతో కలుపుతూ అందరికీ కనిపించేవాడు. అమ్మ మాత్రం పెనానికి వెనకాల, నడుం లోతు గుంతలో కూర్చుని పొయ్యిలోకి పిప్పి తోసేది. అక్కడినుంచి పాకం కనిపించదు. కనిపించనివాళ్లు ఏం చేస్తారు, వింటారు. రసం ఉడుకుతున్నప్పుడు ఒక చప్పుడు, చిక్కబడుతుంటే ఇంకొకటి, దించాల్సిన ఘడియకి మరొకటి. ఆ ఘడియ దాటితే బెల్లం నల్లబడుతుంది, ముందే దించితే దిమ్మ కట్టదు. ఏడాది కష్టం ఆ ఒక్క క్షణం మీద ఉంటుంది.

"ఇంకా నీళ్ల సప్పుడే. ఉండండి," అనేది అమ్మ గుంతలోంచి. కాసేపటికి, "సాలు. దించీండి."

అప్పుడు నాన్న ఇంత పాకం తీసి నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి, గంభీరంగా తలాడించి, "దించండ్రా," అనేవాడు. నలుగురు మనుషులు పెనం ఎత్తేవారు. రావికమతం నుంచి కూడా రైతులొచ్చి మా నాన్నని పాకం చూడ్డానికి తీసుకెళ్లేవారు. వెంట అమ్మని కూడా తీసుకెళ్లేవాడు, పొయ్యి వెయ్యడానికి అని చెప్పి. ఆయన దుర్మార్గుడని నేననడం లేదు. వచ్చిన పేరుని వద్దనలేదు, అంతే. ఆ అంతేలో ఎంత ఉందో ఆడవాళ్లకి నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

"నాకేటీ తేడా వినపడ్డం లేదే అమ్మా," అన్నానొకసారి గుంత పక్కన కూర్చుని.

"ముందు నోరు ముయ్యవే గుంటా. అప్పుడు వినపడతాది."

వీడియోలో అమ్మ ఎక్కడా కనిపించదు. గుంతలోకి కెమెరా దించాలని మా వాడికి తోచలేదు. ఉన్నది ఆమె గొంతు, పాకం చప్పుడు, అంతే. ఈసారి పెద్ద స్పీకర్లలో ఆ చప్పుడు ఎక్కడ మారుతుందో పట్టుకుందామని, నిజంగానే నోరు మూసుకుని, టీవీ ముందు కూర్చున్నాను.

బొమ్మ వచ్చింది. నాన్న నుదుటి మీద చెమట బొట్లు కూడా లెక్కపెట్టొచ్చు. వెనకాల ఎవరిదో వేణువు.

"ఒరే, సౌండేదిరా?"

"ఆ సౌండు ఈ పెట్టెకి పడలేదప్పా. ఎర్రర్ వస్తంది. తీసీసి మ్యూజిక్ ఎట్టేను. బాగుంది కదేటి?" ఈనాటికీ వాడు నన్ను అక్కా అనడు, మా వైపు మాటలో అప్పా అనే అంటాడు.

"అసలు ఫైలేదీ?"

"ఇది బాగా వచ్చింది కదాని తీసీసేను. డిస్కు నిండిపోనాది, కొత్త గేముకి సోటు లేదు."

"కెమెరా కార్డులో?"

"అది ఎప్పుడో తుడిసేసేను. ఏటప్పా అలగ సూస్తన్నావు? అందులో ఏటుందని, ఇంజను గోల, అమ్మ సణుగుడు."

"ఆ సణుగుడుతోనే రా నీ కాలేజీ ఫీజు కట్టింది."

"మళ్లీ మొదలెట్టేవా? పాకం సూసింది నాన్న కాదేటి? ఊరంతటికీ తెలుసు."

ఊరంతటికీ తెలుసు, నిజమే. ఇప్పుడు వీడియోకి కూడా అంతే తెలుసు. గానుగ పాక పోయింది, ఇనప రోలర్లు పాత సామానుకి పోయాయి, ఆ గుంత పూడ్చి చదును చేశారు. చెరకు లారీలెక్కి వెళ్తుంది, బెల్లం ప్యాకెట్లో వస్తుంది. వీటిలో దేనికీ నేను అంతగా ఏడవలేదు.

వేణువు మోగుతూనే ఉంది. తెర మీద నాన్న తెడ్డు ఆపి, మెడ పక్కకి తిప్పి, పెనం వెనకవైపు కిందకి వంగి, కదలకుండా నిలబడ్డాడు. కాసేపు అలాగే ఉండి, నిటారుగా లేచి పాకం నీళ్లలో వేశాడు.

"సూడు, నాన్న పొగకి ఎలగ మొహం తిప్పుకున్నాడో," అన్నాడు తమ్ముడు నవ్వుతూ.

తెర మీద పొగ అటు పోవడం లేదు. నాన్న తిరిగిన వైపునుంచే, సరిగ్గా ఆయన మొహం మీదికే వస్తోంది.