నేను చెప్పని మూడేళ్ల గడువు

మొన్న ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం మా తోడల్లుడు, అంటే నా భార్య చెల్లెలి భర్త, ఉప్పల్ నుంచి నాచారంలోని మా ఇంటికి ఒక పాత బట్టల దుకాణం సంచి పట్టుకుని వచ్చాడు. సంచి నిండా మ్యూచువల్ ఫండ్ వాళ్లు ఏటా పంపిన స్టేట్‌మెంట్ల కవర్లు, వాటిలో సగానికి పైగా ఇంతవరకు చింపనివే. హబ్సిగూడ మెట్రో స్టేషన్ వెనక సందులో ఒక చిన్న మల్గి, ఒక్క షట్టరు దుకాణం గది, బేరానికి వచ్చిందనీ, ఉన్న యూనిట్లన్నీ అమ్మి దాన్ని కొనాలనుకుంటున్నాననీ, పన్ను ఎంత పడుతుందో లెక్కగట్టి పెట్టమనీ అడిగాడు. నేను కళ్లద్దాలు తుడుచుకుని అన్నిటికన్నా కొత్త కాగితంలో చివరి గడి చూశాను. ముప్పై అయిదు లక్షలకు కొద్దిగా తక్కువ. మూడుసార్లు చదివాను. మూడుసార్లూ అదే అంకె ఉంది.

నాతోపాటు ఉద్యోగాలు చేసి విశ్రాంతి తీసుకుంటున్న వారికి జనవరి నెల అంటే ఏమిటో గుర్తుండే ఉంటుంది. మేమిద్దరం నాచారం పారిశ్రామికవాడలో ఒకే కర్మాగారంలో పనిచేశాం. అతను కొలిమి విభాగంలో షిఫ్టు ఇన్‌చార్జి, నేను గేజ్ రూమ్‌లో. తయారైన ప్రతి భాగాన్నీ మైక్రోమీటరుతో కొలిచి, మిల్లీమీటరులో నూరోవంతు తేడా ఉన్నా వెనక్కి పంపడం నా పని. జనవరి రాగానే అకౌంట్స్ విభాగం వారు, పన్ను మినహాయింపుకు సంబంధించిన రసీదులు నెలాఖరులోగా ఇవ్వని వారికి జీతంలో కోత తప్పదని నోటీసు అంటించేవారు. అప్పటినుంచి గేటు బయట జిరాక్సు దుకాణం ముందు వరుస, భోజనాల తర్వాత క్యాంటీన్‌లో నా బల్ల చుట్టూ మరొక వరుస. బీమా రసీదులూ పిల్లల ఫీజు చీటీలూ నా ముందు పరిచి, "అన్నా, జర నా జీతం గూడ నీ మైక్రోమీటర్ పెట్టి సూడరాదే, ప్రతి నెల అండర్ సైజే వస్తున్నది" అని ఎవరో ఒకరు అనడం, అందరూ నవ్వడం, నేను నవ్వకుండా ఫారం నింపడం ఆనవాయితీ.

ఇది దాదాపు ఇరవై ఏళ్ల కిందటి మాట. భవిష్యనిధి కోత పోను, ఆదాయపు పన్ను చట్టంలోని ఎనభై సి సెక్షన్ కింద మినహాయింపు పూర్తిగా దక్కాలంటే మా ఇద్దరికీ సుమారుగా నలభై వేలు తక్కువ పడేవి. పన్ను ఆదా చేసే ఒక మ్యూచువల్ ఫండ్‌ను ఎంచి, ఒకే రోజున, ఒకే పథకంలో, ఇద్దరి పేరా నలభై వేల చొప్పున పెట్టించింది నేనే. దానికి మూడేళ్ల గడువు ఉంటుంది, ఆలోపు తీయడానికి వీల్లేదు. గడువు తీరాక ఏం చేయవచ్చో నేను కనిపెట్టాను. మొదటి ఏడు పెట్టిన సొమ్మును నాలుగో ఏడు తీసి, అందులో నలభై వేలను మళ్లీ అదే పథకంలో పెడితే, జీతం నుంచి ఒక్క రూపాయి కదపకుండానే ఆ ఏటి మినహాయింపు దక్కుతుంది. పైన పెరిగినది ఖర్చులకు. చట్టం దృష్టిలో ఇందులో తప్పేమీ లేదు. మూడేళ్ల పెట్టుబడితోనే ఉద్యోగ విరమణ దాకా మినహాయింపు రాబట్టాను. మిగిలిన జీతంతో స్కూటరు కొన్నాను, హాలులో రాళ్లు మార్పించాను, రెండు ఫ్రిజ్‌లు మార్చాను.

ఈ కిటుకు క్యాంటీన్‌లో నలుగురైదుగురికి చెప్పాను. తోడల్లుడికి మాత్రం చెప్పలేదు.

మరచిపోయి కాదు. లాలాపేట్‌లో మా అత్తగారింటికి పండుగకో పబ్బానికో ఇద్దరం వెళితే, అతను వాకిట్లో చెప్పులు విప్పేలోపే మా అత్తగారు నవ్వడం మొదలుపెట్టేవారు. నేను వచ్చినప్పుడు మంచినీళ్లు తెచ్చి పెట్టేవారు. భోజనంలో నా కంచంలో నాలుగు మాంసం ముక్కలుంటే అతని కంచంలో ఏడుండేవి. నేను కొలతల మనిషిని కనుక పొరపడే అవకాశం లేదు. అతనికి ఉద్యోగం ఇప్పించమని మా మేనేజరుకు చెప్పింది నేను, ఫారాలు నింపేది నేను, ఏడు ముక్కలు అతనికి. అందుకే, ఏటా జనవరిలో అతను చీటీ పాడుకుని, ఓవర్‌టైం చేసి, నలభై వేలు కూడబెట్టుకుని రావడం చూస్తే నాకు లోపల చల్లగా ఉండేది. ఫ్రిజ్ కొనడం మళ్లీ వచ్చే ఏటికి వాయిదా పడిందని మా మరదలు నా భార్యతో చెప్పుకుంటుంటే, ఆ రోజు అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. అలా పద్దెనిమిది ఏళ్లు పెట్టాడు. అసలు ఏడు లక్షల ఇరవై వేలు. అది ఇప్పుడు నా ముందు ముప్పై అయిదు లక్షలై కూర్చుంది. తిప్పి తిప్పి పెట్టిన నా మూడేళ్ల సొమ్మును నేను చివరిసారి తీసి ఇంటికి రంగు వేయించాను.

కాగితం మీద లెక్క మొదలుపెట్టాను. కొంతదూరం వెళ్లి పెన్ను ఆగింది. పాత యూనిట్లకు కొన్న ధర బదులు, రెండువేల పద్దెనిమిది జనవరి ముప్పై ఒకటి నాటి ధరను అసలుగా చూపవచ్చునన్న వెసులుబాటు ఒకటుంది. అది వాడితే అతనికి లక్ష రూపాయల పైచిలుకు పన్ను తగ్గుతుంది. నేను చెప్పకపోతే అతనికి తెలియదు. మనసులో పాత చల్లదనం మళ్లీ కదిలింది, దాచవలసిన అవసరం నాకు లేదు.

"ఏందన్నా, పెన్ను ఆగింది? అంకె జూసి కండ్లు తిరిగినయా?" అని అతను నవ్వాడు.

నేను కాగితం మీదినుంచి తలెత్తకుండా, "నడుమ ఎన్నడు తియ్యబుద్ధి కాలేదా నీకు?" అని అడిగాను.

"ఎందుకు గాలే, మస్తుసార్లయింది. నాలుగో ఏడే అకౌంట్స్ క్లర్కు చెప్పిండు, మీ అన్న మూడేండ్లు నిండంగనే తీసి మల్ల పెడుతున్నడు, నువ్వేంది తియ్యవని. గని నువ్వైతే నాకు చెప్పలేదు గదా. నువ్వు చెప్పలేదంటే తియ్యొద్దనే లెక్క అనుకున్న. నీకేమన్న అక్కెర పడి తీస్తున్నవేమో, అడిగితే చిన్నబోతవని ఊకున్న."

అప్పుడు నిజం చెప్పవలసింది. టీ చల్లారిపోతున్నదన్నాను. ఆ తర్వాత జనవరి ముప్పై ఒకటి నాటి ధరను ప్రతి వరుసలోనూ రాశాను. ఇప్పుడు బయానా మాత్రం ఇచ్చి, యూనిట్లలో సగం మార్చి ముగిసేలోపు, మిగతా సగం ఏప్రిల్‌లో అమ్మితే లాభం మీద ఏటా ఉండే మినహాయింపు రెండేళ్లకూ కలిసివస్తుందని విడిగా కాగితం మీద పెట్టాను. నా జీవితంలో అంత తప్పులేని లెక్క మరొకటి చేయలేదు. టీ కప్పులు తీసుకువెళ్తూ నా భార్య మాత్రం, "మా మరిది కవర్లు చింపనే లేదు. మీరు చింపని కవరే లేకుండె" అని ఒక్కమాట అనేసి వంటింట్లోకి వెళ్లింది.

ఇప్పుడు జనవరులు మారిపోయాయి. మా వీధిలో కొత్తగా ఉద్యోగాలలో చేరిన పిల్లలు చాలావరకు కొత్త పన్ను విధానమే ఎంచుకుంటున్నారు. దానిలో ఎనభై సి లేదు, రసీదులు లేవు, జిరాక్సు దుకాణం ముందు వరుస లేదు. ఏ కిటుకైనా ఫోనులో అరనిమిషంలో దొరుకుతుంది కనుక దాచేవాడికీ పని లేదు, ఫారం నింపేవాడి కోసం క్యాంటీన్‌లో ఎదురుచూసేవారూ లేరు. ఆ పిల్లలను చూస్తే నాకు ఏ అసూయా కలగదు. తోడల్లుడి మల్గి మీద కలిగినది కూడా అద్దెకిచ్చే నాటికి కొంత చల్లారుతుందేమో. ఒక మనిషి ఏమీ చెప్పకపోయినా అందులో తన మేలే ఉందనుకుని పద్దెనిమిదేళ్లు నిశ్చింతగా ఉండగలిగిన అతని మనసు మీద కలిగిన అసూయకు మాత్రం గడువు తీరేలా లేదు. నేను ఏనాడూ ఎవరినీ అలా నమ్మలేదు.

ఆ మధ్యాహ్నం అతన్ని భోజనానికి ఉంచాం. నా భార్య ఇద్దరికీ మాంసం వడ్డించింది. అతనికి ఆరు ముక్కలు, నాకు ఆరు. లెక్కపెట్టింది నేనొక్కణ్ణే.