ఏడు రోజుల నీళ్ళు

మా అపార్ట్‌మెంటు పక్కన కొత్త ఇల్లు కడుతున్నారు. వేలూరులో ఎవరూ ఇల్లు కట్టుకోకూడదని అనలేం కానీ, రోజూ పొద్దున ఆ గోడలకు కొట్టే నీళ్ళలో సగం నేను ఆరేసిన చొక్కాల మీదే పడుతున్నాయి. పోట్లాడదామనే బాల్కనీలోకి వెళ్తాను. తడిసిన సిమెంటు వాసన తగలగానే, ఈ విషయంలో పోట్లాడే హక్కు నాకు లేదని గుర్తొచ్చి, చొక్కాలు తీసుకుని లోపలికి వచ్చేస్తాను.

ఆ వాసన చెంగయ్య మేస్త్రిది. గుడియాత్తంలో మా పక్కింటాయన. మామా అని పిలిచేవాణ్ణి. చదువు మా నాన్న చెప్పించాడు. పనంటే ఏమిటో చూపించింది మామ. ఒకసారి కడుతున్న గోడ ముందు నన్ను నిలబెట్టి, "నేరుగా ఉండాదా, చూసి చెప్పప్పా" అన్నాడు. ఉందన్నాను. గుండు కట్టిన దారం వేలాడదీశాడు. గోడ నూలుపోగంత పక్కకు ఉంది. "కాలేజీ కన్ను కదా, పరవాలేదు" అని మూడు వరసలూ ఊడదీసి మళ్ళీ కట్టాడు. ఇంటివాళ్ళు అడగలేదు. వాళ్ళకు తెలిసే అవకాశమూ లేదు.

మోర్ధానా దారిలో ఒక కొండమీద, యుద్ధంలో చనిపోయిన చుట్టుపక్కల ఊళ్ళ సిపాయిల గుర్తుగా ఒక స్తంభం ఉండేది. దానిమీద పైనుంచి మూడో పేరు మామ తమ్ముడిది. మామకు ఏ లిపీ రాదు. వేలితో తడిమి గుర్తుపట్టేవాడు. స్తంభం పాతబడితే, నేను డిగ్రీ చదువుతున్న ఏడాది వేసవిలో, కూలి తీసుకోకుండా తానే కొత్త సిమెంటు పూత వేశాడు. నేను కాగితం మీద రాసిచ్చిన పేర్లను చూసి, గీతకు గీతగా, తడి ఆరకముందే అందులో చెక్కాడు. మర్నాడు ఆయనకు ఆంబూరులో పని.

"ఏడు దినాలు, పొద్దున్నే రెండు క్యాన్ల నీళ్ళు కొట్టల్ల. నీళ్ళు తాగితేనే పూత నిలుస్తాది నాయనా. నీమీద వదిలి పోతా ఉండా."

దారి చదునుగా ఉన్నంతవరకూ సైకిల్ నన్ను మోసేది. కొండ మొదలయ్యాక సైకిల్‌నీ నీళ్ళనీ నేను మోసేవాణ్ణి. రెండు రోజులు పైదాకా వెళ్ళాను. మూడో రోజు, మొదటి మలుపు దగ్గరున్న తుమ్మచెట్టుకు కూడా నీళ్ళు అవసరమేననిపించింది. మిగిలిన ఐదు రోజులూ ఆ చెట్టుకు లోటు రానివ్వలేదు. ఏడో రోజు మామ ఫోను చేసి, "తడిపినావా అప్పా?" అన్నాడు. "పైన చల్లగా ఉండాది మామా" అన్నాను. కొండమీద పొద్దున పూట చల్లగానే ఉంటుంది.

వానలు మొదలుకాకముందే పూత పెచ్చులూడింది. మూడో పేరు ముందుగా రాలిపోయింది. సిపాయిల బంధువులంతా కొండమీద చేరారు. నేనూ సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళాను. మామ ఒక పెచ్చు తీసి, గోరుతో గీకి, రాలిన పొడిని చాలాసేపు చూశాడు.

"ఏం మేస్త్రీ, సొంత తమ్ముడికే ఇట్లా పూస్తే ఊరోళ్ళ ఇండ్లు ఏం కడతావు?" అన్నాడు ఒక పెద్దాయన.

"ఇసకలో మన్ను ఉండింది. నేనే సరిగ్గా చూళ్ళే" అన్నాడు మామ.

కొండెక్కిన ఆయాసం తగ్గాక నిజం చెబుదామనుకున్నాను. ఆ ఆయాసం పద్నాలుగేళ్ళు తగ్గలేదు.

కొత్తగా స్తంభం కట్టే పనిని వేరే మేస్త్రికి ఇచ్చారు. మామ ఆయనకు ఇసుక మోశాడు. ఆ తరువాత ఇళ్ళ పనులకు మామను పిలవడం తగ్గింది. మామ మాత్రం నన్ను పిలవడం మానలేదు. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు వీధంతా మిఠాయి పంచింది ఆయనే. ఇప్పటికీ ఒక పని పూర్తయిందని సంతకం పెట్టేముందు, నిజంగా ఎన్ని రోజులు పైదాకా ఎక్కానో లెక్క చూసుకుంటాను. ఆఫీసులో నాకు నిదానస్తుడని మంచి పేరుంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

మామ పోయి ఏడాదైంది. పోయిన ఆదివారం గేర్ల సైకిల్ మీద ఆ కొండ మళ్ళీ ఎక్కాను. కొత్త స్తంభం గట్టిగానే ఉంది. మూడో పేరును వేలితో తడిమి, కిందికి దిగి, నేరుగా మామ భార్య రాజమ్మత్త దగ్గరికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతోంది. ఐదు రోజుల సంగతీ దాచకుండా చెప్పాను. ఆమె చేతిలోని బీడీకి దారం చుట్టి, తెంపి, చాటలో వేసింది.

"ఆయనకి ఆ పొద్దే తెలుసప్పా. నువ్వే వచ్చి చెప్తావని కడదాకా చూసినాడు. వినాల్సినోడు పోయినాక నాకెందుకు చెప్తా ఉండావు?"