ఒక బొమ్మకు యాభై మంది

మా రసాయనశాస్త్ర విభాగంలో ఏటా ఒక రోజు చుట్టుపక్కల బడిపిల్లల కోసం తలుపులు తెరుస్తాం. మూడేళ్ళ కిందట, ఆ రోజుకు పిల్లలచేత ప్లాస్టిక్ ఇటుకలతో క్యాంపస్ నమూనా కట్టించే పని నాకు అప్పగించారు. అడిగి తీసుకున్నానంటే ఇంకా నిజం. మా అబ్బాయి ఆడటం మానేసిన బ్లాకులు రెండు సంచుల నిండా తార్నాకలోని మా ఫ్లాటులో, అటక మీద పడి ఉన్నాయి. వాటిని కిందికి దింపడానికి ఒక కారణం కావలసి వచ్చింది.

సంచుల్లో ఇటుకలతో పాటు బొటనవేలంత బొమ్మ మనుషులు కూడా ఉన్నారు. బల్ల మీద పోసి చూస్తే పోలీసులు, మంటలార్పేవాళ్ళు, అంతరిక్షానికి వెళ్ళేవాళ్ళు, కత్తులు పట్టిన సైనికులు. ఆడబొమ్మలు ఆరే. వాటిలో ఒకటి మంత్రగత్తె. రెండు సంచుల్లోనూ కలిపి ఉన్న ఒకే ఒక చీపురు ఆమెదే, అదీ ఎగరడానికి. అందరి ముఖాలూ పసుపు, అందరి పెదవుల మీదా ఒకే చిరునవ్వు. ఆ పసుపు ఎవరి రంగూ కాదు గనుక అందరిదీ అవుతుందని ఎవరో అనగా విన్నాను. నేను పూర్తిగా నమ్మలేదు. కాదనడానికీ నా దగ్గర ఆధారం లేదు. పిల్లలను గమనించాక మాత్రం ఒక సంగతి తేలింది. వాళ్ళు ముఖాలను అసలు చూడలేదు. కళ్ళద్దాలున్న బొమ్మను ఎవరినీ అడగకుండా ప్రొఫెసర్ని చేశారు. పోలీసును గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుగా నిలబెట్టారు. జడ ఉన్న బొమ్మను ఆఫీసు కౌంటరు వెనక కూర్చోబెట్టారు. ఎవరి చోటు ఎక్కడో వాళ్ళకు ముందే తెలుసు.

అప్పుడు బడులకు దసరా సెలవులు, మాకింకా రాలేదు. ఆ పిల్లల్లో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఉండేది. తల్లి మా ప్రయోగశాలలో గాజుసామాను కడిగేది, కాంట్రాక్టు మీద. అమ్మాయి పొద్దున తల్లితో పాటే వచ్చి, మేము వచ్చేదాకా వరండాలో కూర్చుని చదువుకునేది. మూడో రోజున ఒక బొమ్మను నా ముందు పెట్టింది. నీలం జాకెట్టు, నల్లటి జుట్టు. వంకీలాంటి చేతిలో ఫ్లాస్కుకు బదులుగా ఒక పారదర్శకమైన ముక్క.

"మేడమ్, మా అమ్మను ల్యాబ్‌ల పెట్టొచ్చా? పెడ్తున్ననని ఇంట్ల చెప్పిన."

క్వార్టర్సులో ఉండే కుర్రాడొకడు పక్కనుంచి తొంగి చూశాడు. "గా బొమ్మ నవ్వుతున్నది. మీ అమ్మ ఎన్నడన్న నవ్వుతదా? మొన్న నేను నీళ్ళు ఒలకబోస్తె ఎట్ల జూసిందో."

"నీ లెక్క పని పెంచెటోళ్ళను జూసి ఎవరు నవ్వుతర్రా?" అంది అమ్మాయి. అందరూ నవ్వారు, నేను కూడా.

అక్కడే ఆపి, పెట్టమని ఉంటే సరిపోయేది. కాని ఎవరికి తోచినవాళ్ళను వాళ్ళు పెడుతూ పోతే అది క్యాంపస్ నమూనా కాదు, ఫొటో ఆల్బమ్ అవుతుందనిపించింది. "ఇది మన క్యాంపస్" అన్నది ఒక ప్రతిపాదన. ప్రతిపాదనకు ఆధారం ఉండాలి. అందుకని ఒక నియమం పెట్టాను. తార్నాక వైపు గేటు దగ్గర రెండు రోజులు, తొమ్మిది నుంచి పదకొండు దాకా, లోపలికి వచ్చేవాళ్ళను లెక్కపెట్టాలి. విద్యార్థులు, అధ్యాపకులు, ఆఫీసువాళ్ళు, ఊడ్చే కడిగే సిబ్బంది అని కాగితం మీద గడులు గీసిచ్చాను. యాభై మందికి ఒక బొమ్మ. పాతిక మందికి తగ్గితే బొమ్మ లేదు.

పిల్లలు సిమెంటు బెంచీ మీద వరసగా కూర్చుని ఎంతో శ్రద్ధగా గీతలు గీశారు. వాళ్ళను చూసి గర్వపడ్డాను. రెండు రోజులకూ కలిపి చివరి గడిలో రెండే గీతలున్నాయి.

అమ్మాయి కాగితాన్ని చాలాసేపు చూసింది. "మేడమ్, అమ్మోళ్ళు ఆరున్నరకే లోపలికొస్తరు. మనం తొమ్మిదింటికి కూసున్నం."

ఆ మాట నాకు స్పష్టంగా వినబడింది. వినబడలేదని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. "ఫలితం చూశాక నియమం మార్చితే దాన్ని సైన్స్ అనరమ్మా" అన్నాను. అది సరైన సూత్రమే. ఇప్పటికీ పాఠం చెబుతున్నాను. పద్ధతిలోనే లోపముందని తెలిసినప్పుడు, ఆ లోపాన్ని ఒప్పుకుని మళ్ళీ లెక్కపెట్టాలన్నది కూడా నేను చెప్పే పాఠమే. అందుకు ఒక్క పొద్దుట సరిపోయేది. ఆరున్నరకు నేను మా బాల్కనీలో టీ తాగుతూ మెట్రో రైలును చూస్తుంటాను. ఆ వేళకు క్యాంపస్‌లో రోజు మొదలవుతుందని నాకెప్పుడూ తోచలేదు.

అమ్మాయి ఆ బొమ్మను సంచిలో వేసేసింది.

ప్రదర్శన రోజు నమూనా ముందు ఒక అట్ట పెట్టాను: "ఒక బొమ్మ యాభై మందికి సమానం. గేటు వద్ద లెక్కించి నిర్ధారించినది." మధ్యాహ్నం భోజనం వేళ అమ్మాయి తల్లిని తీసుకొచ్చింది. ఆమె పని చీర మార్చుకుని, తల దువ్వుకుని వచ్చింది. బల్ల మీదికి వంగి అన్ని భవనాలనూ మెల్లగా చూసింది.

"యాడున్ననే నేను?"

అమ్మాయి నా వైపు చూడలేదు. ప్రయోగశాల కిటికీ దగ్గర, వీపు ఇటు తిప్పి నిలబడిన తెల్లకోటు బొమ్మను చూపించింది. "గదో, కిటికి కాడ. చేతిల సీస గూడ ఉన్నది."

తల్లి నా వైపు తిరిగింది. "నిజమేనా మేడమ్? గది నేనేనా?"

అవునంటే ఎవరికీ నష్టం లేదు. అట్ట మీద ఒక్క అక్షరం కూడా మార్చనక్కరలేదు. కాని ఎవరేమి అడిగినా తెలిసినదే చెప్పడం నాకు అలవాటైపోయింది. "కాదమ్మా, అది టీచర్లది. మా లెక్కలో మీవాళ్ళు రాలేదు" అన్నాను, వైవాలో విద్యార్థిని సరిదిద్దే గొంతుతో.

"నేను గదే అనుకున్న. నాకు తెల్లకోటు యాడికెల్లి వస్తది" అని ఆమె నవ్వింది. "పోనియ్ తియ్యే. గంత చిన్న కిటికి తుడుసుడు నాతోని గాదు." విరామం అయిపోవస్తోందంటూ వెళ్ళిపోయింది. అమ్మాయి నేల చూపులు చూస్తూ తల్లి వెనకే నడిచింది. ఆ తరవాత విభాగానికి రాలేదు.

ఇరవై ఏళ్ళుగా ఎవరేమి చెప్పినా రుజువు అడిగాను. ఆ తల్లి కడిగి బోర్లించిన ఫ్లాస్కు శుభ్రంగా ఉందో లేదో మాత్రం ఒక్కసారి కూడా పరీక్షించలేదు. నా ఫలితాలన్నీ ఆ నమ్మకం మీదే నిలిచాయి.

నెల తరవాత మూడు రోజులు ఆరింటికే గేటు దగ్గరికి వెళ్ళాను. షేర్ ఆటోలు ఆగుతున్నాయి. టిఫిన్ డబ్బాల సంచులతో ఆడవాళ్ళు గుంపులుగా దిగుతున్నారు. ఏ రోజు చూసినా నాలుగు బొమ్మలకు తక్కువ కాలేదు. కాగితం, నాలుగు బొమ్మలు పట్టుకుని ప్రయోగశాలకు వెళితే సింకు దగ్గర కొత్తామె కనిపించింది. కాంట్రాక్టు మారిందట, పాతామె మానేసి నెల కావస్తోందట. ఆమెనే అడిగి తెలుసుకుని లాలాపేట్‌లోని వాళ్ళ ఇంటికి వెళ్ళాను.

అమ్మాయి ఒక్కతే ఉంది. తల్లి ఏదో అపార్ట్‌మెంటులో పనికి వెళ్ళిందని చెప్పింది. కాగితాన్ని నేను నేర్పినట్టే చదివింది: తేదీ, వేళ, గేటు.

"గీ లెక్కల గూడ అమ్మ లేదు కద మేడమ్. అప్పటికే మానేసింది."

"లేదమ్మా. తప్పు నాదే."

"నాకు ఎరుకే." కాగితం మడిచి తిరిగి ఇచ్చింది. బొమ్మలను ముట్టుకోలేదు. "ఆ రోజు ఇంటికొచ్చినంక అమ్మ నన్ను కొట్టింది. లెక్కల లేకుంటె లేదు, అందరి ముందల అబద్ధమెందుకు చెప్పినవని. ఆరున్నర ముచ్చట నేను మీకు ముందే చెప్పిన అంటె నమ్ముతలేదు. మేడమ్‌కు చెప్తె ఇనకుంట ఉంటదా అంటది. మీరు చెప్పుండ్రి."

సాయంత్రం దాకా కూర్చున్నాను. తల్లి రాగానే, చెప్పులు విప్పకముందే చెప్పాను: "మీ అమ్మాయి నాకు ముందే చెప్పింది. నేను విని కూడా పట్టించుకోలేదు."

ఆమె కూతురి వైపు, తరవాత నా వైపు చూసింది. "పోనియ్యుండ్రి మేడమ్. చిన్నపిల్ల చెప్తె మీరేం ఇంటరు, మీకెన్ని పనులుంటయ్" అని నా తరఫున తానే సర్దిచెప్పి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

నేను టీ తాగినంతసేపూ అమ్మాయి గుమ్మానికి ఆనుకుని నిలబడే ఉంది. తల్లి సర్దిచెప్పిన మాటకు ఆమె ఒప్పుకోలేదని నాకు తెలుస్తూనే ఉంది.